పీహెచ్‌డీ చేస్తూ జూనియర్లకు డేటా పాఠాలు: మానేయమనాలా?

ప్రశ్న: మా అమ్మాయి అనంతపురంలో వృక్షశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తోంది. ఇది మూడో ఏడు. వేరుశనగ ఆకుమచ్చ తెగులుపై పరిశోధన. కొంతకాలంగా శని, ఆదివారాలు రెండూ జూనియర్లకు కంప్యూటర్‌లో డేటా విశ్లేషణ నేర్పడానికే పోతున్నాయి. పైసా రాదు. థీసిస్ వెనకబడుతుందని భయంగా ఉంది. మానేయమని చెప్పమంటారా?
– ఒక తండ్రి, తాడిపత్రి

జవాబు: మానేయమనకండి. గంటలకు హద్దు పెట్టుకోమనండి.

ఆమె నేర్పుతున్న పని విలువ ముందు మీకు తెలియాలి. పొలంలో మొక్క మొక్కకూ మచ్చలున్న ఆకులు లెక్కపెట్టి పుస్తకంలో రాసుకోవడం మన పిల్లలు శ్రద్ధగానే చేస్తారు. ఆ అంకెలు ఎక్సెల్‌లోకి ఎక్కించాక చిక్కులు మొదలవుతాయి. ఒకే వేరుశనగ రకాన్ని ఒకరు ‘కదిరి-6’ అని, మరొకరు ‘కె-6’ అని రాస్తే కంప్యూటర్ వాటిని రెండు వేర్వేరు రకాలుగా లెక్కిస్తుంది. కొలవని మొక్కకు సున్నా వేస్తే సగటు పడిపోతుంది. ‘సెప్ట్2’ అనే జన్యువు పేరు టైపు చేస్తే ఎక్సెల్ దాన్ని సెప్టెంబరు 2గా మార్చేసేది. ఎక్సెల్ జన్యు జాబితాలు జతచేసిన పరిశోధన పత్రాల్లో దాదాపు ఐదో వంతులో ఇలాంటి తప్పులున్నాయని 2016లో ఒక అధ్యయనం తేల్చింది. చివరకు 2020లో జన్యువులకు పేర్లు పెట్టే అంతర్జాతీయ కమిటీయే ఆ పేర్లు మార్చుకోవలసి వచ్చింది! పీజీలో స్టాటిస్టిక్స్ సూత్రాలు చెబుతారు గానీ ఈ జాగ్రత్తలు పక్కన కూర్చోబెట్టుకుని చెప్పేవారు తక్కువ. మీ అమ్మాయి ఆ లోటు తీరుస్తోంది. నాకు ఆమెపై చాలా గౌరవం కలిగింది.

ఇదే పనిని 1998లో గ్రెగ్ విల్సన్, బ్రెంట్ గోర్డా అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో మొదలుపెట్టారు. దాని పేరు సాఫ్ట్‌వేర్ కార్పెంట్రీ. ఇప్పుడది ‘ది కార్పెంట్రీస్’ అనే సంస్థలో భాగం. డేటా విశ్లేషణకు వాడే ఆర్, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషల పాఠాలు అక్కడ ఉచితం. ఎవరైనా వాడుకోవచ్చు, మన అవసరానికి మార్చుకోవచ్చు. నేర్పేవారు విద్యార్థుల ముందే కోడ్ టైపు చేస్తూ, తప్పు వస్తే అక్కడే దిద్దుతూ వెళతారు. ఎక్కడైనా ఆగిపోయిన విద్యార్థి తన ల్యాప్‌టాప్‌కు రంగు చీటీ అంటిస్తే సహాయకులు వచ్చి చూస్తారు. ఎలా నేర్పాలో శిక్షణ ఇచ్చి బోధకులుగా ధ్రువీకరిస్తారు కూడా. మీ అమ్మాయి ఆ శిక్షణకు దరఖాస్తు చేయాలి. ఇప్పుడు పడుతున్న శ్రమకు అప్పుడొక గుర్తింపు పత్రం ఉంటుంది.

ఇక మీ భయం. అది న్యాయమైనదే. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) ఉంటే మొదటి రెండేళ్లు నెలకు రూ.37 వేలు, తర్వాత మూడేళ్లు రూ.42 వేలు, దాంతో సరి. ఆరో ఏడు చేతిలో డబ్బు లేకుండా థీసిస్ రాయడం ఎంత కష్టమో చాలామంది పిల్లల్లో చూశాను. యూజీసీ 2022 నిబంధనలు పరిశోధక విద్యార్థికి వారానికి 4 నుంచి 6 గంటల బోధన లేదా పరిశోధన సహాయక పని అప్పగించవచ్చంటున్నాయి. ఆ 6 గంటలే ఆమెకు గీత. శనివారం ఒక్కటీ సరిపోతుంది, ఆదివారం థీసిస్‌ది. గైడుతో మాట్లాడి ఈ తరగతులను శాఖ తరఫున నమోదు చేయించుకుంటే అనుభవ పత్రం అడగడానికి వీలుంటుంది.

పాఠాలకు తన తెగులు డేటానే వాడాలి. అలా చేస్తే జూనియర్లకు రాసిన కోడే థీసిస్‌లో విశ్లేషణ అధ్యాయానికి పనికొస్తుంది. దాన్ని, తెలుగులో రాసిన వివరణలతో సహా, గైడు అనుమతితో, కోడ్‌ను అందరూ చూసేలా ఉంచే గిట్‌హబ్ వెబ్‌సైట్‌లో పెట్టమనండి. రేపు పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌కో, విత్తన కంపెనీకో, వ్యవసాయ విశ్వవిద్యాలయానికో దరఖాస్తు చేసినప్పుడు ‘డేటా విశ్లేషణ వచ్చు’ అని ఒక్క వాక్యం రాసి ఊరుకునే అవసరం ఉండదు, చేసిన పని తెరిచి చూపించవచ్చు.

ఖరీఫ్‌లో తెగులు కొలతలు తీసే వారాల్లో మాత్రం ఆమె తరగతులు చెప్పడం పూర్తిగా ఆపాలి. ఆ రోజుల్లో పోయిన కొలత కోసం మళ్లీ ఏడాది ఆగాలి. మళ్లీ నవంబరులో కోతలయ్యాక మొదలుపెట్టుకోవచ్చు. అప్పటివరకు తరగతుల బాధ్యతను, బాగా నేర్చుకున్న ఇద్దరు జూనియర్లకు అప్పగించమనండి.