ఐసీయూలో చర్మానికి కొలతలు ఎందుకు?

ప్రశ్న: మా నాన్నగారు తొమ్మిది రోజులుగా విశాఖలోని ఒక ఆసుపత్రి ఐసీయూలో వెంటిలేటర్ మీద ఉన్నారు. నిన్న డాక్టరుగారు ఒక చిన్న పరికరాన్ని ఆయన ముంజేతికీ, నడుము కిందా ఆనించి చర్మం పటుత్వం కొలుస్తున్నామన్నారు. ముంజేతి మీద 9, నడుము కింద 21 వచ్చింది. భయపడాలా? ఒళ్లు పొడిబారిందని అమ్మ కొబ్బరినూనె రాస్తానంటోంది, రాయవచ్చునా?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: చర్మం గుండా చదరపు మీటరుకు గంటకు ఎన్ని గ్రాముల నీరు ఆవిరవుతోందో చెప్పే అంకె అది. ఆరోగ్యవంతుల ముంజేతి మీద సాధారణంగా 5 నుంచి 10 దాకా ఉంటుంది. చర్మపు పైపొర చాలాచోట్ల మిల్లీమీటరులో యాభయ్యో వంతుకు మించదు. లోపలి నీటిని నిలిపేదీ, బయటి క్రిములను ఆపేదీ అదే కనుక, ప్లాస్టరు ఊడదీసినప్పుడు దానితోపాటు ఆ పొర కాస్త లేచివచ్చినా అంకె పెరుగుతుంది.

అయితే 21 చూసి కంగారు పడకండి. పరుపుకు ఆనిన నడుము దగ్గర చెమట చిక్కుకుని ఉంటుంది; రోగిని పక్కకు తిప్పిన వెంటనే కొలిస్తే ఆ తడి కూడా లెక్కలోకి వస్తుంది. అందుకే ఆ చోటును పావుగంటైనా గాలికి వదిలి, ఏసీ గాలి నేరుగా తగలకుండా చూసి కొలవాలి. జ్వరంతో చెమట పట్టినా కొలత తప్పుతుంది. ఇక విశాఖ ఉక్కపోత సంగతి వేరే చెప్పాలా, గదిలో తేమ మారితే అంకే మారిపోతుంది. ఒకే చోట, ఒకే తీరులో, రోజు విడిచి రోజు తీసిన కొలతలను పోల్చినప్పుడే వాటికి విలువ.

నూనె రాస్తే ఆవిరి తగ్గి, చర్మం బాగుపడకుండానే అంకె దిగుతుంది. కాబట్టి కొలిచే చోట వద్దు. మిగతా చోట్ల నర్సును అడిగి పలుచగా రాయవచ్చు. ఎర్రబడిన చోట మాత్రం రుద్దకూడదు.

నా మట్టుకు, ఈ పరికరం ఇప్పటికీ పరిశోధనకు ఉపయోగపడినంతగా మంచం దగ్గర నిర్ణయాలకు ఉపయోగపడటం లేదు. పడకపుండ్ల ముప్పును నర్సులు 1987 నాటి బ్రేడన్ పట్టికతో అంచనా వేస్తారు: మొత్తం 23 మార్కులు, సాధారణంగా 18 లేదా అంతకు తక్కువైతే ముప్పు ఉన్నట్టు. మీరు లోపలికి వెళ్లినప్పుడు నాన్నగారి మడమలు, నడుము చూడండి. ఎర్రటి మచ్చను వేలితో నొక్కితే తెల్లబడకపోయినా, చామనచాయ ఒంటి మీద ఎరుపు తెలియదు కనుక చుట్టూ ఉన్న చర్మం కంటే వేడిగానో గట్టిగానో తగిలినా, వెంటనే నర్సుకు చెప్పండి.