బుజ్జిగాడు నడక మొదలెట్టాడట

చి.ల.సౌ. మాధవికి, పెరంబూరు నుంచి పెద్దమ్మ ఆశీస్సులు.

మనవడు గోడ పట్టుకుని నడుస్తున్నాడని మీ అమ్మ చెప్పగానే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. పిల్లల వార్డులో నర్సుగా నేను చూసినంతలో, ఏదో ఒకటి మింగి వచ్చేది ఎక్కువగా ఏడాది నుంచి మూడేళ్ళ లోపు వాళ్ళే.

మీ అన్నయ్య సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. వాడికి ఏడాదిన్నర. కూల్‌డ్రింక్ సీసాలో కిరసనాయిలు పోసి స్టవ్ పక్కన పెట్టింది నేనే. నేను డ్యూటీకి వెళ్ళాక తాగేశాడు. పక్కింటావిడ మంచికే అనుకుని ఉప్పునీళ్ళు పట్టి కక్కించింది. కక్కేటప్పుడు ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి పోయింది. నేను వెళ్ళేసరికి డొక్కలెగరేస్తున్నాడు. న్యుమోనియాతో పది రోజులు ఆసుపత్రిలో ఉన్నాం.

అందుకే చెప్తున్నా, ఏం మింగినా నువ్వు కక్కించకు. ఉప్పునీళ్ళు వద్దు, గొంతులో వేలు పెట్టొద్దు. నోట్లో మిగిలింది తుడిచేసి, ఆ సీసా, మాత్రల అట్ట చేత్తో పట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తు. 108కి చెయ్యి. ఢిల్లీ ఎయిమ్స్ విష సమాచార కేంద్రం 1800 116 117లో రాత్రీ పగలూ పలుకుతారు. ఈ రెండు నంబర్లూ ఫ్రిజ్ మీద అంటించు.

వీధిలో బండి మీద అమ్మే ఫినాయిలు, యాసిడ్ పాత నీళ్ళ సీసాల్లోనే పోసిస్తారు. వేళచ్చేరిలో మీ వీధికీ వస్తారేమో, కొనకు. దోమల మందు సీసా నేలబారు ప్లగ్గుకి పెట్టకు. దేవుడి గూట్లో కర్పూరం వాడి కంటికి పటికబెల్లమే. కొంచెం తిన్నా అరగంటలో ఫిట్స్ రావచ్చు.

నీ ఐరన్ మాత్రలంటే నాకు మరీ భయం. ఎర్రగా, తియ్యటి పూతతో ఉంటాయి. ఎక్కువ మింగిన పిల్లాడు వాంతులు చేసుకుని, తర్వాత తేరుకున్నట్టే ఆడుకుంటాడు. ఆ తేరుకోవడం నమ్మొద్దు, మర్నాటికి లివరు దెబ్బతినొచ్చు. మందు తాగించడానికి 'చాక్లెట్' అని ఎప్పుడూ అనకు. పైన పెడితే సరిపోదు, కుర్చీ లాక్కుని ఎక్కేస్తారు. బీరువాలో పెట్టి తాళం వెయ్యి.

వచ్చే ఆదివారం వస్తున్నా. నా చేతిసంచిలో బీపీ మాత్రలుంటాయి. మొహమాటపడకుండా గుమ్మంలోనే తీసుకుని దాచెయ్యమ్మా.

మీ పెద్దమ్మ