ఈము పక్షుల షెడ్డుకు గచ్చు మంచిదా, ఇసుక మంచిదా?

కోనసీమలో కొబ్బరితోటలో ఈము జతకు షెడ్డు వేస్తున్నాను, కింద టైల్సా, గచ్చా, ఇసుకా అని అడిగారు కదండీ. టైల్స్ మాట మర్చిపోండి. నున్నటి గచ్చు కూడా వద్దు. ఎదిగిన ఈము నలభై కిలోల దాకా తూగుతుంది, ఆ బరువంతా కాలికి మూడే వేళ్ల మీద, పైగా బెదిరిందంటే ఎటుపడితే అటు పరిగెత్తే రకం; తడి గచ్చు మీద గబుక్కున తిరగబోయి జారితే కాళ్లు చెరో వైపు పోతాయి. కాలు విరిగిన ఈము మళ్లీ లేచి తిరగడం చాలా అరుదు.

2012 ప్రాంతంలో ఈము వ్యాపారం కుప్పకూలాక కూడా అంబాజీపేట దగ్గర మా బాబాయి గారు కొన్నింటిని ఉంచుకున్నారు, వాటి షెడ్డు పని నేను దగ్గరుండి చూశాను. మన డెల్టాలో వచ్చే చిక్కంతా చెమ్మతోనే. వానాకాలం కాస్త తవ్వితే నీళ్లూరే నేల, దాని మీద నేరుగా ఇసుక పోస్తే ఒక్క తుపానుకి బురదలో కలిసిపోతుంది. అందుకని ముందు అడుగున్నర ఎత్తు లేపించి, కింద ఇటుక ముక్కలు, పైన గ్రావెల్ వేసి దిమ్మిస కొట్టించి, పది అడుగులకు రెండు మూడు అంగుళాల వాలు పెట్టించండి. ఆ పైన జల్లించిన గోదావరి ఇసుక అర అడుగు. రెట్ట రోజూ పైపైన ఎత్తేయొచ్చు, తడిసిన చోట తీసేసి కొత్తది పోయొచ్చు. చవకని సముద్రపు ఇసుక తేవద్దు, ఉప్పు. వరిగడ్డి పరిస్తే ఈ చెమ్మకి బూజు పడుతుంది, ఆ బూజు పీల్చి పక్షులకు ఊపిరితిత్తుల జబ్బు.

నీళ్ల తొట్టి దగ్గర మాత్రం సిమెంటే నయం, అక్కడ ఇసుక ఎప్పుడూ ముద్దగానే ఉంటుంది. తాపీమేస్త్రి అలవాటుకొద్దీ నున్నగా రుద్దేస్తాడు, పక్కనే నిలబడి తడి ఆరకముందే ఈనెల చీపురుతో గీతలు లాగించండి.

ఇంకోటి, ఈము మెరిసేదేది కనబడినా మింగేస్తుంది. రేకులు బిగించాక బాబాయి గారు ఐస్కాంతాన్ని తాడుకు కట్టి నేలంతా లాగిస్తే బైండింగ్ వైరు ముక్కలు, మేకులు, వాషర్లు గుప్పెడు వచ్చాయి! రబ్బరు మ్యాట్లు ఆవులకే ఉంచండి, ఇవి అంచులు పొడిచి పీకేస్తాయి.

పిల్లలు తీయిస్తే లెక్క వేరు. ఇసుక, ఊక తెగ తిని పొట్ట గట్టిపడి చస్తాయి, న్యూస్‌పేపరు పరిస్తే కాళ్లు జారి వంకరపోతాయి. మొదట్లో కొన్ని వారాలు గోనెపట్టాలే పరవండి, రోజూ మార్చి, ఉతికి ఎండబెట్టాలి. పోగులు లేచిన పట్టా పనికిరాదు, ఆ దారాలూ మింగుతాయి.