ఇంట్లో చెప్పే ముందు

చిరంజీవి తల్లికి,

నువ్వు లెస్బియన్‌వని ఈ నెలలోనే అమ్మానాన్నలకు చెప్పేస్తానన్నావట. గర్వంగా ఉంది, దాన్ని మించి భయంగా ఉంది.

సర్టిఫికెట్లు, గుర్తింపు కార్డులు నీ దగ్గర పెట్టుకో. మూడు నెలల ఖర్చుకు డబ్బు నీ ఒక్కదాని ఖాతాలో ఉండాలి. ఫోను లాకు మార్చు. ఆ రాత్రి ఇల్లు వదలాల్సి వస్తే ఎవరింటికి వెళ్లాలో ముందే అడిగి ఉంచు. ఇవి చూసుకోకుండా నోరు విప్పావంటే నేను ఊరుకోను.

నా అసలు భయం పెళ్లి గురించి. "పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయి" అంటారు. మా తరంలో ఎంతమంది ఆ మాట నమ్మారో! కాపురం, పిల్లలు, చాకిరీలో పడి మనసు కొన్నేళ్లు అణిగి ఉంటుంది. దాన్నే మార్పు అనుకుంటారు. పిల్లలు ఎదిగి కాస్త ఊపిరి పీల్చుకునే నలభైల్లోనో యాభైల్లోనో అది మళ్లీ పైకొస్తుంది. ఈసారి ఇంకొకరి బతుకు పాడుచేశానన్న బాధ కూడా తోడవుతుంది. భర్త మంచివాడైతే మరీ నరకం, ఎవరితో ఏమని చెప్పుకుంటారు? అమ్మ ఏడ్చిందని ఏ సంబంధానికీ తలూపకు. "చూద్దాంలే" అని కూడా అనకు, ఇంట్లోవాళ్లు దాన్ని ఒప్పుకున్నట్టే లెక్కేస్తారు.

డాక్టరుకు చూపిస్తామంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే దీన్ని జబ్బుల జాబితాలోంచి తీసేసిందని చెప్పు. మారుస్తామనే చికిత్సలు దేన్నీ మార్చవు, దిగులునూ చావు ఆలోచనలనూ పెంచుతాయి. కౌన్సెలరును కలవడం మంచిదే. మారుస్తానన్న మనిషి దగ్గరికి మాత్రం రెండోసారి వెళ్లకు.

ఇంకో మాట. వివియన్ కాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1979లో, మనిషి తన ఇష్టం ఇదని గుర్తించి తనను తాను ఒప్పుకునే ఈ ప్రయాణాన్ని ఆరు దశలుగా వివరించింది. అందులో సహించడం వేరు, ఒప్పుకోవడం వేరు. "నా రాత ఇంతే" అనుకోవడం సహించడమే. అక్కడే ఆగిపోయి ముసలైపోయినవాళ్లున్నారు. నువ్వు ఇంకా అక్కడే ఉంటే అమ్మకు ఇప్పుడే చెప్పకు. ఆమె మొదటి మాటకే కూలిపోతావు. ముందు నమ్మకమైన ఒక్క మనిషికి చెప్పి, ఆ మాట నీ నోట ఎలా పలుకుతుందో చూసుకో.

చెప్పేటప్పుడు క్లుప్తంగా చెప్పు: నాకు ఆడవాళ్లంటేనే ప్రేమ, ఇది ఎవరి తప్పూ కాదు, మీరంటే నాకున్న ప్రేమ ఎక్కడికీ పోలేదు. గొడవ మధ్యలో, పండగ పూట వద్దు. నువ్వు ప్రేమించే అమ్మాయి ఎవరైనా ఉంటే, తను ఒప్పుకోకుండా ఆమె పేరు బయటపెట్టకు. నీకు నువ్వు ఒప్పుకోవడానికే ఇన్నేళ్లు పట్టింది కదమ్మా, అమ్మ మొదటి రోజు అన్నదాన్ని ఆఖరి మాటగా తీసుకోకు.

చెప్పిన రాత్రి ఎంత పొద్దుపోయినా నాకు ఫోన్ చెయ్యి. అన్నం తిన్నావో లేదో కూడా చెప్పు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ