అమ్మాయి భూగర్భ జలాల మ్యాపింగ్ చదువుతానంటోంది, పంపమంటారా?

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లా మొగల్తూరు మండలంలో ఒక పల్లె. కొంచెం వరి, ఒక రొయ్యల చెరువు ఉన్నాయి. మా పెద్దమ్మాయి బీఎస్సీ జియాలజీ చివరి ఏడాదిలో ఉంది. బోరు నీళ్ల నాణ్యత మీద జీఐఎస్ అనే కంప్యూటర్ పద్ధతితో మ్యాపులు చేసే పని నేర్చుకుంటానని, పీజీ కూడా అటే చేస్తానని పట్టుబట్టింది. బంధువులేమో ఎంసీఏ చేయిస్తే హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్‌లో పడుతుందంటున్నారు. నాలుగు నెలల్లో జీఐఎస్ నేర్పి ఉద్యోగం చూపిస్తామని ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు రోజూ ఫోన్ చేస్తున్నారు. ఫీజు మాత్రం గట్టిగానే చెప్తున్నారు. ఈ చదువుకి నిజంగా ఉద్యోగాలున్నాయా? ఆడపిల్ల ఊళ్లు తిరిగి నీళ్లు పట్టుకొచ్చే పనంటే మాకు కొంచెం టెన్షన్‌గానే ఉంది.

జవాబు: పంపండి. పీజీ జియాలజీలోనే చేయించండి. ఆ నాలుగు నెలల కోర్సుకి మాత్రం డబ్బు కట్టకండి. ఈ మూడు మాటలకీ కారణం ఒక్కటే, కాస్త వివరంగా రాస్తాను. మీ అమ్మాయికి కూడా చదివి వినిపించండి.

ధవళేశ్వరం దగ్గర 1852లో ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి మన డెల్టాకి సాగునీటి కరువు పెద్దగా లేదు. తాగునీటి కథ వేరు. వేసవిలో కాలువలు కట్టేస్తే ఊరి మంచినీటి చెరువు అడుగంటుతుంది, బోరు కొడితే ఉప్పు నీళ్లు పడతాయి, చివరికి ఇంటింటికీ టిన్నులు దిగుతాయి. మీ మండలంలో ఇది మీకు నేను చెప్పాల్సిన సంగతి కాదు.

అయితే ఆ ఉప్పు ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే ఒక్కొక్కరూ ఒక్కో మాట చెప్తారు. నిజానికి కారణాలు చాలానే ఉన్నాయి. వేల ఏళ్లుగా గోదావరి ఒండ్రు తెచ్చి సముద్రాన్ని పూడుస్తూ కట్టిన నేల ఇది. అప్పట్లో ఉప్పునీటిలో పేరుకున్న బంకమట్టి పొరల్లో ఆ నాటి ఉప్పే ఇంకా ఉంది. సముద్రం దగ్గర బోర్లతో ఎక్కువగా తోడేస్తే కింది ఉప్పునీరు పైకి, లోపలికి జరుగుతుంది. పోటు సమయంలో ఉప్పుటేర్లలో, మురుగు కాలువల్లో సముద్రపు నీరు ఎగదన్ని పక్క పొలాల కిందికి చేరుతుంది. రొయ్యల చెరువుల నుంచి ఊరే నీరు కూడా ఒక కారణం. మీదీ చెరువే కాబట్టి ఈ మాటకి నొచ్చుకోకండి, ఎక్కడ ఎంత ఊరుతోందో కొలిచి చెప్పేవాళ్లు ఉంటేనే రైతుకీ న్యాయం జరుగుతుంది. కారణాన్ని బట్టి మందు మారుతుంది. పాత ఉప్పు అయితే అక్కడ బోరు వేయడమే దండగ. తోడకం వల్ల అయితే తోడకం తగ్గించాలి. మురుగు కాలువ వల్ల అయితే అవుట్‌ఫాల్ స్లూయిజులు, అంటే కాలువ చివర పోటు నీటిని ఆపే తలుపులు చూసుకోవాలి. ఏ ఊళ్లో ఏ కారణమో తేల్చి చెప్పడమే మీ అమ్మాయి చేయాలనుకుంటున్న పని. జీఐఎస్ అందులో ఒక పనిముట్టు.

ఆ పనిముట్టు ఏం చేస్తుందో చూడండి. ఒక మండలంలో కొన్ని బోర్ల నీళ్లు పరీక్ష చేయించి, ప్రతి బోరుకీ అక్షాంశం, రేఖాంశం, లోతు, వచ్చిన విలువలు కంప్యూటర్‌కి ఇస్తాం. బోరు లేని చోట విలువ ఎంత ఉండొచ్చో చుట్టుపక్కల బోర్లను బట్టి అది అంచనా కట్టి, మొత్తానికి రంగులు వేస్తుంది. ఐడీడబ్ల్యూ, క్రిగింగ్ అని ఈ అంచనాకి పద్ధతులున్నాయి. నాలుగు నెలల కోర్సులో నేర్పేది ఈ బటన్లు నొక్కడమే. కాళ్లకింద నేల ఏమిటో తెలియకపోతే ఆ రంగుల మ్యాపు మనల్ని ఎలా తప్పుదారి పట్టిస్తుందో ఒక ఉదాహరణ చెప్తాను.

మీ తీరంలో సముద్రానికి సమాంతరంగా పాత ఇసుక దిబ్బలు ఉంటాయి. సముద్రం ఒకప్పుడు అక్కడి దాకా ఉండేదనడానికి గుర్తులవి. వాన నీరు ఆ ఇసుకలోకి ఇంకి, కింది ఉప్పునీటి మీద తియ్యగా నిలుస్తుంది. దిబ్బ మీద ఉన్న పేటలో తక్కువ లోతు చేతిపంపు కొడితే మంచినీళ్లు వస్తాయి. దిబ్బ దిగి పల్లపు చేలోకి వెళ్తే బోరు ఉప్పు. ఇప్పుడు దిబ్బకి అటు ఒకటి, ఇటు ఒకటి చొప్పున చేలలోని బోర్ల నీళ్లు మాత్రమే పరీక్ష చేశారనుకోండి. రెండూ ఉప్పే కాబట్టి కంప్యూటర్ మధ్యలో ఉన్న దిబ్బను కూడా ఎర్రగా నింపేస్తుంది. మంచినీళ్లున్న ఏకైక చోటు మ్యాపులో మాయమైపోతుంది. ఇలాంటి చోట దిబ్బనీ, పల్లాన్నీ విడివిడిగా లెక్కగట్టాలి, దిబ్బ మీద ఇంకో నమూనా తీయాలి అని తట్టాలంటే జియాలజీ తెలిసుండాలి.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. నీటి నాణ్యత మ్యాపు వేరు, కలుషితమయ్యే ముప్పు మ్యాపు వేరు. మొదటిది ఈ రోజు నీళ్లు ఎలా ఉన్నాయో చెప్తుంది. పైనుంచి ఏదైనా మురికి పడితే అది ఎంత సులువుగా కిందికి దిగుతుందో రెండోది చెప్తుంది. అమెరికా పర్యావరణ సంస్థ 1987లో ఇచ్చిన డ్రాస్టిక్ అనే పద్ధతి దీనికే. నీటి లోతు, ఇంకే నీరు, నేల రకం, వాలు లాంటి ఏడు అంశాలకు మార్కులు వేసి కలుపుతుంది. ఇప్పుడు ఆ ఇసుక దిబ్బనే తీసుకోండి. సరిగ్గా వేసిన నాణ్యత మ్యాపులో అది పచ్చగా కనిపిస్తుంది, ముప్పు మ్యాపులో ఎర్రగా. తియ్యటి నీరు ఉన్న చోటే ఇసుక, నీరు పైపైనే, ఇళ్లు కూడా మెరక అని అక్కడే కట్టుకుంటారు కాబట్టి ఆ ఇళ్ల సెప్టిక్ ట్యాంకులూ అక్కడే. అందులోంచి దిగే నైట్రేట్‌కి రుచి ఉండదు, వాసన ఉండదు. తాగునీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదని భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) నియమం. నీటిలో కరిగిన లవణాల మొత్తానికైతే (టీడీఎస్) లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదంటూనే, వేరే నీళ్లు దొరకని చోట 2000 దాకా సడలింపు ఇచ్చారు. నైట్రేట్‌కి ఆ సడలింపు కూడా లేదు, పసిపిల్లలకి అంత ప్రమాదం. నీళ్లు తియ్యగా ఉన్నాయి కాబట్టి మంచివే అని మనవాళ్లు అనుకునే చోట ఒక్క మ్యాపు ఎంత మేలు చేయగలదో ఆలోచించండి.

సముద్రపు ముప్పుకి ఇంకో పద్ధతి ఉంది, గాల్డిట్ అంటారు. గోవా విశ్వవిద్యాలయానికి చెందిన చాచాడి, పోర్చుగల్‌కి చెందిన లోబో ఫెరీరా కలిసి రూపొందించారు. తీరం నుంచి దూరం, సముద్రమట్టం కంటే భూగర్భ జలం ఎంత ఎత్తున ఉంది, నీటిపొర మందం లాంటి ఆరు అంశాలు చూస్తుంది. ఇందులో ఎత్తు లెక్క చాలా సున్నితం. సముద్రమట్టం కంటే మంచినీరు ఒక మీటరు ఎత్తున నిలిస్తే, కింద దాదాపు 40 మీటర్ల దాకా మంచినీరు ఉండగలదని సిద్ధాంతం. పైన మీటరు తగ్గితే కింద అంత మందమూ పోయే ప్రమాదం ఉంది. బోరులో నీరు ఎంత లోతున ఉందో కొలిచి, నేల ఎత్తులోంచి తీసేస్తేనే ఆ నీటి ఎత్తు తెలుస్తుంది. మరి నేల ఎత్తు ఎక్కడి నుంచి తెస్తారు? చాలామంది విద్యార్థులు ఉచితంగా దొరికే, అంతరిక్షం నుంచి రాడార్‌తో కొలిచిన ఎస్ఆర్‌టీఎం ఎత్తుల డేటా దించుకుని వాడేస్తారు. ఆ రాడార్ చెట్ల గుబురుని కూడా కొంత నేలగానే లెక్కేస్తుంది. కోనసీమ కొబ్బరి తోటల్లో నేల ఉన్నదానికంటే మీటర్ల కొద్దీ ఎత్తుగా కనిపిస్తుంది. మీటరు తేడాకే అంతా తారుమారయ్యే చోట ఈ డేటా పెట్టి వేసిన మ్యాపు ఎంత అందంగా ఉన్నా లాభం లేదు. సర్వే పరికరంతో లెవలింగ్ చేసి బోరు అంచు ఎత్తు కొలవాల్సిందే.

అందుకే చెప్తున్నాను, సాఫ్ట్‌వేర్ కోసం అప్పు చేయకండి. క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. డెహ్రాడూన్‌లోని ఇస్రో సంస్థ ఐఐఆర్ఎస్ ఆన్‌లైన్‌లో ఉచిత కోర్సులు నడుపుతుంది, సర్టిఫికెట్ కూడా ఇస్తుంది. ఇస్రో మ్యాపుల పోర్టల్ భువన్, ప్రభుత్వం నీటి వివరాలు పెట్టే ఇండియా డబ్ల్యూఆర్ఐఎస్ పోర్టల్‌లో డేటా దొరుకుతుంది. ఉద్యోగం గ్యారంటీ అని ఫోన్ చేసేవాళ్లని ఒకటే అడగండి: ఏ కంపెనీ, ఏ పని, కాగితం మీద రాసిస్తారా అని. చాలావరకు ఆ పని రోడ్లు, ఇళ్లు, టవర్లు తెర మీద గీయడమే. అది తప్పు పని కాదు, కానీ నీటితో దానికి సంబంధం లేదు, జీతం మొదట్లో బాగా తక్కువ.

పీజీ విషయంలో డిగ్రీ పేరు చాలా చూసుకోవాలి. చాలామంది పిల్లలు పొరపాటు పడేది ఇక్కడే. జియోఇన్ఫర్మేటిక్స్ అనే పేరు ఆకర్షణగా ఉంటుంది. కానీ కేంద్ర భూగర్భ జల బోర్డులో సైంటిస్ట్-బి హైడ్రోజియాలజీ (భూగర్భ జలాల శాస్త్రం) ఉద్యోగానికి యూపీఎస్‌సీ కంబైన్డ్ జియో-సైంటిస్ట్ పరీక్ష రాయాలంటే జియాలజీ, అప్లైడ్ జియాలజీ, మెరైన్ జియాలజీ, హైడ్రోజియాలజీ లాంటి వాటిలో పీజీ ఉండాలి. పేరు కుదరకపోతే ఎంత తెలివైన పిల్లయినా దరఖాస్తే చెల్లదు. చేరే ముందు తాజా నోటిఫికేషన్‌లోని అర్హతల పేజీ అమ్మాయి చేత చదివించండి. ప్రిలిమ్స్, మెయిన్స్, ఇంటర్వ్యూ ఉంటాయి. వయసు 21 నుంచి 32, రిజర్వేషన్లను బట్టి సడలింపు ఉంటుంది. ఎంపికైతే లెవల్ 10 జీతం, గ్రూప్-ఎ ఉద్యోగం. అదే పరీక్షతో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకి కూడా వెళ్లొచ్చు.

పీజీ సీటుకి రాష్ట్రంలో ఏపీ పీజీసెట్ రాయాలి, ఐఐటీల కోసం జామ్ అనే ప్రవేశ పరీక్షలో జియాలజీ పేపరు ఉంది. రెండూ రాయించండి. ఎమ్మెస్సీలో హైడ్రోజియాలజీ, జియోకెమిస్ట్రీ, రిమోట్ సెన్సింగ్ పేపర్లు ఉన్న కాలేజీ చూడండి. జీఐఎస్ అందులోనే వచ్చేస్తుంది. ప్రాజెక్టు సమయంలో కాకినాడ దగ్గరే అవకాశం ఉంది. రూర్కీలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హైడ్రాలజీకి అక్కడ డెల్టా ప్రాంతీయ కేంద్రం ఉంది. హైదరాబాద్‌లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్ఐ, ఇస్రో ఉపగ్రహ చిత్రాల కేంద్రం ఎన్ఆర్ఎస్‌సీ ఉన్నాయి. ఇలాంటి చోట్ల చేసిన ప్రాజెక్టు తర్వాత పీహెచ్‌డీకీ, ఉద్యోగానికీ అక్కరకొస్తుంది.

ఇక ఉద్యోగాల గురించి ఉన్నది ఉన్నట్టు చెప్తాను. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నన్ని ఖాళీలు ఇక్కడ లేవు. కేంద్ర పోస్టులు ఏటా తక్కువే, రాష్ట్ర భూగర్భ జల శాఖలో ఏపీపీఎస్‌సీ నోటిఫికేషన్లు ఎప్పుడో గానీ రావు. ఎమ్మెస్సీ అయ్యాక రెండు మూడేళ్లు ప్రాజెక్టు అసోసియేట్‌గా, కన్సల్టెన్సీల్లో పనిచేస్తూ పరీక్షలు రాసుకునే ఓపిక ఇంట్లో ఉండాలి. పరిశ్రమల పర్యావరణ అనుమతులకు నివేదికలు రాసే కన్సల్టెన్సీల్లో హైడ్రోజియాలజిస్టు తప్పనిసరిగా కావాలి కాబట్టి అక్కడ పని దొరుకుతుంది. ఆక్వా జోన్ల నిర్ణయం, ఇంటింటికీ కుళాయి పథకం, వీటన్నిటికీ నీటి పరీక్షలు, మ్యాపులు కావాల్సిందే. ఈ ఓపిక మీకు లేదు, చేరగానే జీతం రావాలి అనుకుంటే ఎంసీఏ తప్పేమీ కాదు. కానీ ఆ పిల్లకి ఇష్టం ఇటుంది. మీ ఊరి నీళ్లు చూసి పుట్టిన ఇష్టం అది. దాన్ని బంధువుల మాట మీద వదిలించొద్దని నా మనవి.

ఊళ్లు తిరగడం సంగతి. ఇది పగటి పూట పని. ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు కలిసే వెళ్తారు. పైగా చేతిపంపు దగ్గర ఉండేది ఆడవాళ్లే. ఏ పంపు నీళ్లలో పప్పు ఉడకదో, ఏ పంపు నీళ్లు బిందెలో పట్టిన కాసేపటికి పచ్చబడతాయో వాళ్లకే తెలుసు. ఆడపిల్ల అడిగితే పది మాటలు ఎక్కువ చెప్తారు. వాష్‌రూమ్, వసతి విషయంలో ఇబ్బందులు ఉంటాయి, కాదనను. చేరే ముందే ఫీల్డ్ ఏర్పాట్లు ఎలా ఉంటాయో గైడ్‌ని అడగడంలో మొహమాటం వద్దు.

ఈ వేసవిలో సెలవులున్నప్పుడు మీ ఊరి పరిధిలోనే ఒక చిన్న మ్యాపు చేయించండి. ఈసీ, అంటే నీటి విద్యుత్ వాహకత కొలిచే చిన్న మీటరు ఒకటి కొనండి, నీళ్లలో ఉప్పు పెరిగితే ఈసీ పెరుగుతుంది. చెరువు దగ్గర మీరు ఉప్పు శాతం చూసుకునే రిఫ్రాక్టోమీటరు దీనికి పనికిరాదు, అది పీపీటీల్లో (వెయ్యి వంతులకు ఎన్ని వంతుల ఉప్పో) చూపిస్తుంది, తాగునీటి తేడాలు దానికి అందవు. బోరు కాసేపు పోనిచ్చి, పైపులో నిలవ ఉన్న నీరంతా పోయాక, అదే నీటితో సీసా మూడుసార్లు కడిగి పట్టాలి. ఈసీ, పీహెచ్ అక్కడికక్కడే కొలవాలి. బోరు ఎంత లోతు, ఎప్పుడు వేశారు, పక్కన చెరువు ఉందా, సెప్టిక్ ట్యాంకు ఎంత దూరం అని ఇంటివాళ్లని అడిగి రాసుకోవాలి. ఫోన్‌లో లొకేషన్ నోట్ చేసుకుంటే చాలు, క్యూజీఐఎస్‌లో మన ప్రాంతానికి మ్యాపు కొలతల పద్ధతిగా యూటీఎం 44 ఉత్తర జోన్ పెట్టుకోవాలి. కాలువలు కట్టేసినప్పుడు ఒకసారి, సార్వా నాట్లయ్యాక ఇంకోసారి అవే బోర్లు కొలిస్తే రెండు మ్యాపులు వస్తాయి. నాలుగైదు సీసాలు నైట్రేట్ కోసం గ్రామీణ నీటి సరఫరా శాఖ (ఆర్‌డబ్ల్యూఎస్) ల్యాబులో ఇచ్చి రమ్మనండి, దిబ్బ మీది పంపు నీళ్లు అందులో తప్పకుండా ఉండాలి. ఆ రెండు మ్యాపులు పీజీ ప్రాజెక్టు కోసం గైడ్‌ని అడిగేటప్పుడు చూపించమనండి. మొదటిసారి మీ బండి మీద మీరే తీసుకెళ్లి తిప్పండి, ఏ చేలో ఏ బోరు ఎంత లోతో మీకంటే బాగా చెప్పేవాళ్లు ఎవరున్నారు?