రోజూ తడిపే లాన్ ఎందుకు ఎండుతోంది?

ప్రశ్న: మాది తిరుపతిలో కరకంబాడి రోడ్డు వైపు. ఇంటి ముందు ఇరవై అడుగులకి పదిహేను అడుగుల జాగాలో బెర్ముడా గడ్డి వేయించి రెండేళ్లయింది. మా ఆయన రోజూ సాయంత్రం పది నిమిషాలు పైపుతో తడుపుతారు. అయినా ఏప్రిల్ వచ్చేసరికి అంతా పసుపు పచ్చగా అయిపోతోంది. రెండు పూటలా తడపాలా? బోరు ఎండిపోతుందేమోనని ఒకటే టెన్షన్.
– ఒక పాఠకురాలు

జవాబు: రెండు పూటలా వద్దమ్మా, అసలు రోజూ తడపడమే మానేయాలి. ఈ సాయంత్రం మీవారు పైపు కట్టేసిన అరగంటకి ఒక మూల గడ్డిని మట్టితో సహా పెకలించి చూడండి. పైన అంగుళం మాత్రం తడిగా ఉండి, దాని కింద ఎర్రమట్టి పొడిపొడిగా రాలుతుంటే జబ్బు అదే. నీళ్లు ఎంత లోతుకు దిగితే వేర్లు అంత లోతుకే పోతాయి, మీ గడ్డి వేర్లేమో ఆ అంగుళంలోనే తిరుగుతున్నాయి, మన ఎండలకి ఆ కాస్త తడి మధ్యాహ్నానికి ఉంటుందా! బెర్ముడా అంటే మరేదో కాదు, వినాయకుడికి పెట్టే మన గరికే. చెరువు గట్టు మీద ఎవరూ నీళ్లు పోయకుండానే బతికేస్తుంది, దాని వేర్లు లోపలికి దిగి ఉంటాయి కాబట్టి.

వారానికి రెండుసార్లు, తెల్లవారుజామున, నాలుగైదు అంగుళాలు నానేదాకా పట్టండి. సాయంత్రం తడిపితే ఆకు రాత్రంతా తడిగానే ఉండి బూజు తెగుళ్లు వస్తాయి. లెక్క కావాలంటే, వారానికి 25 మిల్లీమీటర్ల నీరు, అంటే మీ జాగాకి సుమారు 700 లీటర్లు, పూటకి 350. మీ పైపు కింద 15 లీటర్ల బకెట్ పెట్టి ఎంతసేపట్లో నిండుతుందో చూడండి, నిమిషం పడితే పూటకి ఇరవై మూడు నిమిషాలు పట్టాలన్నమాట. నీళ్లు ఇంకకుండా గేటు వైపు పారుతుంటే కట్టేసి, అరగంట ఆగి మిగతాది పట్టండి. తర్వాత పొడవాటి స్క్రూడ్రైవర్ గుచ్చి చూస్తే ఎంత లోతు నానిందో చేతికే తెలిసిపోతుంది, నానిన చోట సులువుగా దిగి, పొడి మట్టి తగలగానే ఆగుతుంది.

నడి ఎండాకాలంలో ఇంకొంచెం ఎక్కువే కావాలి. దానికి తేదీలు చూడక్కర్లేదు, గడ్డి మీద నడిచాక అడుగుల గుర్తులు లేవకుండా అలాగే ఉండిపోతే దానికి దాహమేసినట్టు. ఆ నెలల్లో గడ్డిని మరీ పొట్టిగా కత్తిరించకండి, నేలకి దాని నీడే కదా ఆధారం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి ఈశాన్య రుతుపవనాల వానలుంటాయి, బాగా కురిసిన వారం పైపు ముట్టుకోకండి.

ఒక్క జాగ్రత్త. పైపైన వేర్లున్న గడ్డికి ఉన్నట్టుండి నీళ్లు తగ్గిస్తే తట్టుకోలేదు. ముందు రోజు విడిచి రోజు, రెండు వారాలయ్యాక మూడు రోజులకోసారి, అలా మెల్లగా మార్చండి. ఈ పని ఎండలు ముదరకముందే, ఫిబ్రవరిలో మొదలుపెట్టమని మీవారితో చెప్పండి.