మీ ప్రశ్న: కృష్ణబిలంలో పడేవాళ్లకు ఏం కనిపిస్తుంది?

ప్రశ్న: మేడం, నేను ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. కృష్ణబిలంలో (బ్లాక్ హోల్) పడితే అంతా చీకటేనని ఒకరు, మనిషి సేమ్యాలా సాగిపోతాడని ఒకరు, విశ్వం భవిష్యత్తంతా కళ్ల ముందు గిర్రున తిరిగిపోతుందని ఇంకొకరు అంటున్నారు. నిజంగా ఏం కనిపిస్తుంది? నొప్పి తెలుస్తుందా? రాత్రిళ్లు ఇది గుర్తొస్తే టెన్షన్‌గా ఉంటోంది.
– ఒక విద్యార్థిని, గాజువాక

జవాబు: అమ్మా, నీ ఆఖరి వాక్యం చదివి మిగతా ఉత్తరాలు పక్కన పెట్టాను. మొదట ధైర్యం చెప్పే మాట. మనకు తెలిసిన కృష్ణబిలాల్లో అన్నిటికన్నా దగ్గరిది గయా బీహెచ్1. అదే సుమారు 1,560 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అది మన దాకా రాదు. కాబట్టి నిశ్చింతగా ఆలోచిద్దాం.

నాకు పదేళ్లప్పుడు జోడుగుళ్లపాలెం దగ్గర అన్నయ్యతో పాటు సముద్రంలో దిగాను. మోకాలి లోతు నీళ్లే. ఆడుకుంటూ ఉండగా నీళ్లు నన్ను లోపలికి తీసుకుపోయాయి. ఒడ్డువైపు ఎంత ఈదినా ఒడ్డు దూరమే అవుతోంది. తెప్ప మీద వస్తున్న జాలరి పెద్దాయన జబ్బ పట్టుకుని లాగాడు కాబట్టి ఇవాళ నీకు జవాబు రాస్తున్నాను. నాకు ఇప్పటికీ గుర్తున్నది భయం కాదు. ఆకాశం అలాగే ఉంది, ఒడ్డున అన్నయ్య ఎర్ర చొక్కా స్పష్టంగా కనిపిస్తోంది. ‘ఇక్కడి నుంచి వెనక్కి రాలేవు’ అని చెప్పే గీత ఏదీ నీళ్ల మీద లేదు. నా ఈతకన్నా నీళ్ల వేగం ఎక్కువైన చోటు ఒకటి ఉంది, దాన్ని నేను తెలియకుండానే దాటేశాను.

కృష్ణబిలం హద్దు, అంటే ఈవెంట్ హొరైజన్, అచ్చం అలాంటిదే. 1921లో ఫ్రాన్స్ గణితవేత్త పెన్‌లెవె, 1922లో స్వీడన్ శాస్త్రవేత్త గుల్‌స్ట్రాండ్ ఎవరికి వారుగా ఐన్‌స్టైన్ గురుత్వాకర్షణ సమీకరణాల పరిష్కారానికి ఒక రూపం ఇచ్చారు. (ఈ పెన్‌లెవె రెండుసార్లు ఫ్రాన్స్ ప్రధానమంత్రిగా కూడా చేశాడు.) ఆ లెక్కను స్థలమే (స్పేస్) నదిలా లోపలికి పారుతోందన్నట్టుగా చదువుకోవచ్చు. ఆ పారుదల వేగం సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లకు, అంటే కాంతి వేగానికి, చేరే చోటే హద్దు. దాని లోపల ఒడ్డువైపు ఈదే కాంతి కూడా లోపలికే కొట్టుకుపోతుంది. కానీ అక్కడ గోడ లేదు, తెర లేదు.

ఇప్పుడు ఒక వ్యోమగామిని పంపుదాం. మన పాలపుంత నడిమధ్య ఉన్న సాజిటేరియస్ ఏ-స్టార్‌ను ఎంచుకుంటాను. దాని బరువు సుమారు 43 లక్షల సూర్యుళ్లంత, హద్దు వ్యాసార్థం సుమారు కోటీ 27 లక్షల కిలోమీటర్లు. అది తిరగడం లేదని, చుట్టూ వేడి వాయువు లేదని అనుకుంటున్నాను. లేకపోతే లెక్క చాలా చిక్కుపడుతుంది. ఆమె ఇంజన్ ఆపేసి, చాలా దూరం నుంచి తిన్నగా పడుతోంది.

ముందు కింద ఒక నల్లని బిళ్ల కనిపిస్తుంది. దాని అంచు చుట్టూ నక్షత్రాలు సాగి, వంగి, ఒక్కోటి రెండు చోట్ల కనిపిస్తాయి. బిళ్ల పెరుగుతుంది. హద్దు దాటే క్షణంలో అది ఎంత ఉంటుందో లెక్కకడితే సుమారు 84 డిగ్రీల వెడల్పు వస్తుంది. చేతులు రెండూ లంబకోణంలో చాపితే మధ్యలో ఉండే ఖాళీకన్నా కాస్త తక్కువ. ఆకాశంలో సగం కూడా కాదు! మిగతా అంతా నక్షత్రాలే. దాటాక కూడా వెలుతురు ఆమె వెనకాలే లోపలికి వస్తూనే ఉంటుంది. చివరికి ఆ నలుపు కింది సగాన్ని ఆక్రమిస్తుంది, అంతకు మించదు. నెత్తి మీద చీకటి మూసుకోదు. ఈ ఒక్క విషయం నీకు గట్టిగా గుర్తుండాలని నా కోరిక.

చీకటి కమ్ముతుందన్న మాట ఎక్కడిదంటే, పడకుండా రాకెట్ మంటతో హద్దు పక్కనే నిలబడినవాళ్ల అనుభవం. వాళ్లకు నక్షత్రాలన్నీ నడినెత్తిన చిన్న బిళ్లగా కుంచించుకుపోతాయి. బయటి గడియారాలు పరుగెత్తేదీ వాళ్లకే. మీ ఫ్రెండ్ చెప్పిన ‘భవిష్యత్తంతా’ ఆ కథలోంచి వచ్చిందే.

పడేవాళ్లకు దీనికి పూర్తిగా వ్యతిరేకం. చిన్నప్పుడు రాత్రుళ్లు మేడ మీద పడుకుని డాల్ఫిన్స్ నోస్ లైట్‌హౌస్ వెలుగు ఎంతసేపటికి తిరిగొస్తుందో అంకెలు లెక్కపెట్టేదాన్ని. అలాంటి దీపం ఒకటి బాగా దూరాన, సెకనుకోసారి మెరుస్తోందనుకో. మన వ్యోమగామి హద్దు దగ్గర వెనక్కి తిరిగి చూస్తే ఆ మెరుపులు రెండేసి సెకన్లకు ఒకటి చొప్పున అందుతాయి. లోపలికి వెళ్లేకొద్దీ ఇంకా నిదానిస్తాయి. ఆమె మెరుపుల నుంచి దూరంగా కొట్టుకుపోతోంది కదా! మన ప్రపంచం ఆమెకు నెమ్మదిగా నడుస్తూ కనిపిస్తుంది, అంతే.

ఆమె చేతిలో టార్చి ఉందనుకో. ఒడ్డున ఉన్న మనకు దాని మెరుపుల మధ్య ఎడం పెరుగుతూ పోతుంది, వెలుగు ఎర్రబడుతుంది. హద్దు మీద వేసిన మెరుపు మనకు ఎప్పటికీ రాదు. అందుకే ఆమె అక్కడే ఆగిపోయినట్టు కనిపిస్తుందంటారు. కానీ ఆ బొమ్మ ఎక్కువసేపు నిలవదు. ఈ కృష్ణబిలం విషయంలో కొన్ని నిమిషాల్లోనే కంటికి అందకుండా మసకబారిపోతుంది. ఆమె మటుకు ఆగలేదు. తన గడియారంలో హద్దు నుంచి కేంద్రానికి సుమారు 28 సెకన్లు. 2019 ఏప్రిల్ 10న ఫొటో విడుదలైన ఎం87 గెలాక్సీ కృష్ణబిలమైతే (650 కోట్ల సూర్యుళ్లు) దాదాపు 12 గంటలు.

ఇక నొప్పి. ఫిషింగ్ హార్బర్‌లో ఎవరినడిగినా అమావాస్యకూ పౌర్ణమికీ పోటు ఎక్కువని చెబుతారు. చంద్రుడు భూమిలో దగ్గరి వైపును ఎక్కువ, దూరపు వైపును తక్కువ లాగడమే పోటుకు ముఖ్య మూలం. శరీరాన్ని సాగదీసేదీ ఆ తేడాయే. పది సూర్యుళ్ల బరువున్న చిన్న కృష్ణబిలం హద్దు దగ్గర తలకూ కాళ్లకూ తేడా మన బరువుకు కోటి రెట్లు దాటుతుంది. సాజిటేరియస్ ఏ-స్టార్ హద్దు దగ్గర అది బరువులో పదివేలో వంతు. ఏమీ తెలియదు.

చివర్లో తప్పదు. అయితే కృష్ణబిలం చిన్నదైనా పెద్దదైనా, ఆ లాగుడు మన బరువంత అయ్యేసరికి మిగిలి ఉండేది 0.3 సెకన్లు. పది రెట్లయ్యేసరికి 0.1 సెకను కూడా ఉండదు. నిదానంగా నొప్పిని మోసే నరాల్లో సంకేతం సెకనుకు సుమారు ఒక మీటరే నడుస్తుంది. పాదంలో పుట్టిన ఆ బాధ తల దాకా చేరే వ్యవధే లేదు. నేను ఈ లెక్క మొదటిసారి వేసుకున్న రాత్రి నాకు నిజంగా మనసు కుదుటపడింది.

ప్రశ్న: పాలపుంత మధ్యనున్న ఆ కృష్ణబిలం మన విశాఖ నుంచి ఏ దిక్కున ఉంటుంది?
– ఒక పాఠకుడు, భీమిలి

జవాబు: ధనూరాశిలో, మూల, పూర్వాషాఢ నక్షత్రాల పరిసరాల్లో. మధ్యలో ధూళి ఉంది కాబట్టి కంటికి కనపడదు, చోటు మాత్రం గుర్తుపట్టవచ్చు. జూన్ మూడో వారంలో అర్ధరాత్రికి సూటిగా దక్షిణాన ఉంటుంది గానీ అప్పటికి మబ్బులు పట్టేస్తాయి. మే నెలలో రాత్రి రెండు, మూడు గంటల మధ్య చూడండి. దిగంతానికీ నడినెత్తికీ దాదాపు సగం ఎత్తున ఉంటుంది. ఆర్కే బీచ్ దీపాల్లో లాభం లేదు. మీరు భీమిలిలోనే ఉన్నారు కాబట్టి ఊరి వెలుగు దాటి కొంచెం ఉత్తరానికి వెళ్తే చాలు.